స్ట్రాంబోలిలో మనుషులు కూడా ఉన్నారండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇటలీలోని స్ట్రాంబోలి దీవి గురించి వేసిన టూర్ వ్యాసం చదివానండి. ఫోటోలు చాలా బావున్నాయి, కానీ రాత్రిపూట నిప్పులు చిమ్మే కొండ తప్ప ఆ ఊరి మనిషి ఒక్కడూ కనపడలేదు, అందుకే ఈ ఉత్తరం.

సిసిలీకి ఉత్తరాన ఉన్న ఈ దీవి 12 చదరపు కిలోమీటర్ల పైన కొంచెం, కొండ ఎత్తు 924 మీటర్లు, ఏడాదంతా ఉండేది కొన్ని వందలమంది. కొండ రోజుకి ఎన్నోసార్లు పేలుతూనే ఉంటుంది, రెండువేల ఏళ్ళకి పైగా ఇదే వరస. ఊరివాళ్ళు దాన్ని పేరు పెట్టి పిలవరు, వాళ్ళ యాసలో "ఇడ్డు" అంటారు, అంటే "ఆయన" అని, మా అమ్మమ్మ తాతయ్య పేరు నోటితో చెప్పకుండా ఆయన అనేదే, అచ్చం అలాగే. జినోస్త్రా అని రెండో ఊరుంది, దానికి పడవ తప్ప రోడ్డు లేదు. 1930లో పెద్ద పేలుడుకి మనుషులు పోయారు, ఆ తర్వాత ఎన్నో కుటుంబాలు ఆస్ట్రేలియా, అమెరికా వెళ్ళిపోయాయి, మిగిలినవాళ్ళు మిగిలారు.

అసలు రాయాల్సింది 2002 డిసెంబర్ 30 సంగతి. ఆ రోజు కొండ వాలు విరిగి సముద్రంలో పడితే సునామీ లేచింది, కొన్నిచోట్ల నీళ్ళు పది మీటర్ల ఎత్తుదాకా వచ్చాయి, ఒడ్డున ఇళ్ళు దెబ్బతిన్నాయి, చలికాలం కాబట్టి టూరిస్టులు లేరు, లేకపోతే ఊహించలేం. అక్కడ అల ఊరికి చేరడానికి కొద్ది నిమిషాలే పడుతుంది, అందుకే తర్వాత సముద్రంలో సెన్సర్లు, ఊళ్ళో సైరన్లు పెట్టుకున్నారు.

ఇది నాకెందుకంటే మాది బందరు. 2004 డిసెంబర్ 26 ఆదివారం పొద్దున, పౌర్ణమి, మంగినపూడి బీచ్‌లో స్నానాలకి దిగినవాళ్ళని అల లాక్కుపోయింది, మాకెవరికీ ముందు ఒక్క మాట తెలీదు. ఇప్పుడు సునామీ హెచ్చరిక సెంటర్ మన హైదరాబాద్‌లోనే ఉంది, 2007 నుంచి పనిచేస్తోంది, చాలా మంచి పని. కానీ హెచ్చరిక వస్తే ఏ రోడ్డున ఎటు పరిగెత్తాలో మా వాడలో అడిగితే సగం మంది బిక్కమొహం వేస్తారు.

స్ట్రాంబోలి వాళ్ళ సైరన్ల గురించి ఒక పేజీ వెయ్యండి సార్, పక్కనే మన తీరం ఊళ్ళలో ఎత్తు ప్రదేశాలు ఎక్కడున్నాయో మ్యాప్ కూడా. కటింగ్ తీసి మా బడి గోడకి నేనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, మచిలీపట్నం