రిజిస్టర్లు చదివిపెట్టిన ఛత్తాబజార్ పెద్దాయనకు

మా హైస్కూలు చరిత్ర రాసే పని పాత అడ్మిషన్ రిజిస్టర్ల దగ్గరే ఆగిపోయింది. 1948కి ముందువన్నీ ఉర్దూలో, ఫస్లీ (నిజాం కాలంలో సర్కారు లెక్కలకు వాడిన) సంవత్సరాల్లో ఉన్నాయి. మూడు వారాలు రోజూ సాయంత్రం వచ్చి అవన్నీ చదివిపెట్టారు మీరు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

తేమకు అంటుకున్న కాగితాల్ని వేలు తడిచేసి తిప్పబోతే ఆపారు. పాత పోస్టుకార్డు అడుగున జొనిపి, మెల్లగా లేపి, ఒక్కొక్కటే విడదీశారు. ఒక్క పుట కూడా చిరగలేదు!

అంకెల్లోనే అసలు చిక్కు. ఉర్దూలో సున్నా అంటే ఒట్టి చుక్క. అయిదేమో మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. సిరామరక పడితే అది కూడా సున్నాయే అనుకున్నాం. పైగా ఫస్లీకి 590 కలిపితే చాలు, ఇంగ్లీషు సంవత్సరం వచ్చేస్తుందనుకుని లెక్కంతా తప్పు చేశాం. నిజాం రాజ్యంలో ఫస్లీ ఏడాది అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలు. (కోస్తా వైపు ఫస్లీ జులైలో మొదలవుతుంది, అదింకో తిరకాసు.) కాబట్టి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. 1349 ఫస్లీ అమర్దాద్ నెలలో చేరిన పిల్లలు 1940 జూన్ వాళ్లు. మేం 1939 అని రాసేశాం.

వెళ్లేముందు పన్నెండు నెలల పేర్లు ఉర్దూలో రాసి, పక్కనే తెలుగులో మాచేత రాయించారు. ఆ కాగితం ఇప్పుడు రిజిస్టర్ అట్టలోపల ఉంది. షుక్రియా, చాచా.