కోడ్ మేం చెప్పడం కాదు, వచ్చినవాళ్లు చెప్పాలి: పెట్రోలియం మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పెట్రోలియం, సహజవాయువు శాఖ మంత్రిగారికి,

గ్యాస్ బండ రాగానే డెలివరీ బాయ్ అడిగేది ఫోన్‌కి వచ్చిన డీఏసీ (డెలివరీ అథెంటికేషన్ కోడ్). బండ సరైన ఇంటికే చేరిందని కంపెనీకి అది రుజువు. వచ్చినవాడు సరైన మనిషేనని ఇంట్లోవాళ్లకు మాత్రం ఏ రుజువూ లేదు. బండ సంగతి కొంత నయం, మనమే బుక్ చేసి ఉంటాం. చిక్కంతా చేతిలో బండ లేకుండా ‘తనిఖీకి వచ్చామండీ’ అనేవాళ్లతోనే.

ఐదేళ్లకోసారి ఇంట్లో గ్యాస్ పైపు, రెగ్యులేటర్, స్టవ్ తనిఖీ తప్పనిసరి అన్న మాట నిజమే. మోసగాళ్లకు ఆ మాటే పెట్టుబడి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే మధ్యాహ్నం వేళ చూసుకుని వస్తారు. మెడలో లామినేషన్ కార్డు, దాని మీద కంపెనీ బొమ్మ పెద్దగా, ఫొటో చిన్నగా, కింద ‘సర్వీస్ ఇంజనీర్’ అని. ఏజెన్సీ పేరుండదు, గడువు తేదీ ఉండదు, ఒక సెల్ నంబరు మాత్రం ఉంటుంది. అనుమానమొచ్చి ఆ నంబరుకు చేస్తే ‘అవునమ్మా, మా మనిషే’ అంటారు. అంటారు మరి, ఫోన్ ఎత్తేది వాళ్లలోనే ఇంకొకడు! నారింజ రంగు సురక్షా పైపు మీద ముద్రించిన గడువు ఇంకా రెండేళ్లున్నా ‘పగుళ్లొచ్చాయి’ అని ఊడదీసి, ఐఎస్ఐ గుర్తు లేని పైపు తగిలించి డబ్బు గుంజుతారు. డబ్బు పోతే పోయింది, రెగ్యులేటర్ ముక్కుకు బిగువుగా పట్టని పైపు దగ్గర గ్యాస్ లీకవుతుంది.

అసలు మెకానిక్ పరిస్థితీ ఏమంత బాగాలేదు. అతను కంపెనీ ఉద్యోగి కాడు. డీలర్ మనిషి, కొన్నిచోట్ల డీలర్ పని అప్పజెప్పిన కాంట్రాక్టర్ మనిషి. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 20 మంది ఉన్నచోటికే వర్తించేది. దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి కార్మిక చట్టం (వృత్తి భద్రత కోడ్) ఆ లెక్కను 50 చేసింది. ఏజెన్సీలో మెకానిక్‌లుండేది ముగ్గురో నలుగురో, కాబట్టి ఆ చట్టం వాళ్లదాకా రాదు. సెక్యూరిటీ గార్డుకు ఫొటో కార్డు ఇవ్వాలని 2005లోనే చట్టం చేశారు. గేటు దగ్గర నిలబడేవాడికి చట్టముంది, వంటింటిదాకా వచ్చేవాడికి అలాంటిది లేదు.

అందుకే కోడ్‌ను తిరగేయమంటున్నాం. తనిఖీకి ముందురోజే ఏజెన్సీ నుంచి తెలుగులో మెసేజ్ రావాలి: మెకానిక్ పేరు, వచ్చే తేదీ, ఏ రెండు గంటల మధ్య వస్తాడు, రుసుమెంత, ఆ ఒక్కరోజుకే పనికొచ్చే నాలుగంకెల కోడ్. గుమ్మంలో ఆ అంకెలు అతను చెప్పాలి. చెప్పలేకపోతే తలుపు తీయనక్కర్లేదు. లీకేజీ మీద 1906కి ఫోన్ చేసినప్పుడు ఫిర్యాదు నంబరే కోడ్ అనుకోవచ్చు, అక్కడ ఆలస్యం పనికిరాదు.

ఇక్కడో తిరకాసుంది. ఊళ్లో అమ్మానాన్నల కనెక్షన్‌కి చాలాచోట్ల హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు నంబరు ఇచ్చి ఉంటుంది. మెసేజ్ అక్కడ అర్ధరాత్రి మోగితే ఇక్కడ ముసలమ్మకేం తెలుస్తుంది? కాబట్టి రెండో నంబరు చేర్చే వీలివ్వాలి.

ఇక కార్డు. ఫొటో, పేరు, ఏజెన్సీ పేరు, కార్డు నంబరు, గడువు తేదీ చాలు. ఫోన్ నంబరు అసలు వద్దు. వాకబు చేయాల్సింది గ్యాస్ బుక్కులో ఉన్న నంబరుకే. క్యూఆర్ పెడితే కంపెనీ యాప్‌లోనే తెరుచుకోవాలి, మామూలు కెమెరాతో తెరిస్తే అది దొంగ వెబ్‌సైటుకు తీసుకుపోయినా తెలియదు. పని మానేసిన రోజే కార్డు రద్దు కావాలి. ఆధార్ నంబరు, ఇంటి అడ్రసు అచ్చువేయొద్దు. అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర ఆధార్ జిరాక్సు తీసి రిజిస్టర్‌లో అంటించే అలవాటూ మానిపించాలి; ఆ కుర్రాడి వివరాలు రోజుకు పది గేట్ల దగ్గర పడి ఉండటం ఏం భద్రత? కార్డు ఖర్చు అతని జీతంలో కోయకూడదు.

ఇవన్నీ అమలయ్యేసరికి నెలలు పడతాయని తెలుసు. బండతో వచ్చే క్యాష్ మెమోకి మాత్రం కొత్త యాప్ అక్కర్లేదు. వచ్చే నెల నుంచే దాని వెనక తెలుగులో ఇంత అచ్చువేయించండి: ఈ ఇంటి తనిఖీ మళ్లీ ఎప్పుడు, రుసుమెంత, ఏజెన్సీ నంబరేది, ‘కార్డు మీది నంబరుకు ఫోన్ చేయకండి’.

ఇట్లు,
గృహ గ్యాస్ వినియోగదారులు