దర్శనాల వీడియోలు పంపేముందు ఆ అధ్యాయం మొత్తం చదవండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే చాలు, మన విశాఖలో క్రైస్తవుల వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు మొదలైపోతాయి. "సముద్రం ఆర్కే బీచ్ దాటి ఊళ్లోకి వచ్చేసినట్టు నాకు దర్శనం కలిగింది", "ఈ నగరం మీద ఉగ్రత దిగబోతోంది", "పదిమందికి పంపండి". చెప్పింది ఎవరో, ఏ తేదీన చెప్పారో ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని ఎలా ఊడ్చిపెట్టిందో కళ్లారా చూసినవాళ్లం, అందుకే ఇలాంటివి వస్తే పెద్దవాళ్లకి నిజంగానే గుండెదడ, రాత్రంతా టెన్షన్. నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేవాణ్ణే, దేవుడు ఇప్పటికీ మాట్లాడతాడని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణే. కాబట్టే ఊరుకోలేక రాస్తున్నాను.

బైబిల్లో దర్శనాలు లేవా అంటే, బోలెడున్నాయి. బబులోనులో కెబారు నది దగ్గర చెరలో ఉన్నవాళ్ల మధ్య ఉండగా యెహెజ్కేలుకి ఆకాశం తెరుచుకుంది, ఉజ్జియా రాజు చనిపోయిన సంవత్సరం యెషయా ప్రభువుని సింహాసనం మీద చూశాడు. అయితే ఆ పుస్తకాలు తెరిస్తే ఎవరి కాలంలో, ఎక్కడ అన్నది ముందే రాసి ఉంటుంది. యెహెజ్కేలు అయితే ఫలానా ఏడు, ఫలానా నెల, ఫలానా రోజు అని కూడా చెప్తాడు. తర్వాత ఎవరైనా వచ్చి అడిగితే తప్పించుకోవడానికి దారి ఉంచుకోలేదు. ఇంకో సంగతి, చాలా దర్శనాలకి అర్థం కూడా అక్కడే ఉంటుంది. ఎండిన ఎముకల లోయనే తీసుకోండి, ఆ ఎముకలు ఎవరో 37వ అధ్యాయం 11వ వచనంలో దేవుడే చెప్పాడు, మా ఆశ పోయింది, మేం నాశనమైపోయాం అని ఏడుస్తున్న ఇశ్రాయేలు జనం. దాన్ని తీసుకొచ్చి ఆగిపోయిన వీసాకీ, నడవని వ్యాపారానికీ అతికించేముందు ఆ ఒక్క వచనమైనా చదవాలి కదా!

నాకు బాగా ఇష్టమైన ప్రవక్త ఆమోసు. పశువులు కాసుకుంటూ మేడిపండ్లు ఏరుకునే మనిషి. భూకంపానికి రెండేళ్ల ముందు తనకి కలిగిన దర్శనాలు అని పుస్తకం మొదటి వచనంలోనే ఉంది. ఇప్పటివాళ్లకి అలాంటి భూకంపం దొరికితే "నేను ముందే చెప్పాను" అని ఎన్ని వీడియోలు పెట్టేవారో, ఆమోసు పుస్తకంలో మాత్రం అది కాలం గుర్తుగా వచ్చి వెళ్లిపోతుంది. పుస్తకం బరువంతా వేరే చోట ఉంది. 8వ అధ్యాయంలో దేవుడు అతనికి ఒక వేసవి పండ్ల గంప చూపిస్తాడు. మన పూర్ణా మార్కెట్‌లో పొద్దున్నే దింపే గంపల్లాంటిదే అనుకోండి, చూడటానికి అందులో భయపడాల్సింది ఏమీ లేదు. నాలుగు వచనాలు ముందుకెళ్తే తెలుస్తుంది సంగతి. విశ్రాంతిదినం ఎప్పుడైపోతుందా, కొట్టు ఎప్పుడు తెరుద్దామా అని ఎదురుచూసేవాళ్లు, కొలత తగ్గించి ధర పెంచేవాళ్లు, దొంగ త్రాసు వాడేవాళ్లు, చెప్పుల జతకి పేదవాణ్ణి కొనేసేవాళ్లు, గోధుమల్లో తాలు కలిపి అమ్మేవాళ్లు, వాళ్లందరికీ అంతం వచ్చేసిందని చెప్పడానికి ఆ గంప. దర్శనం చివరికి త్రాసు దగ్గరికి వచ్చి ఆగింది. మన దగ్గర తిరుగుతున్న దర్శనాల్లో త్రాసు మాట, కూలి డబ్బులు ఎగ్గొట్టే మాట, కట్నం మాట నేను ఒక్కదాంట్లోనూ వినలేదు.

ఒక్కోసారి మరీ బాధేస్తుంది. మా వీధిలో ఒకావిడ ఉన్నారు, నేను అక్కా అని పిలుస్తాను. వాళ్లబ్బాయి బ్యాంకు పరీక్షలకి కోచింగ్‌కి వెళ్లేవాడు. ఒక సభలో ఒకాయన ఆవిడ తలమీద చెయ్యిపెట్టి "మూడు నెలల్లో నీ కొడుక్కి ప్రభుత్వ ఉద్యోగం, ప్రభువు నాకు చూపించాడు" అన్నారు. ఆవిడ కానుక కవరు ఇచ్చేసి వచ్చింది, దేవుడే చెప్పాక ఇంకా ఎందుకని అబ్బాయి కోచింగ్ మానేశాడు. గడువు దాటింది. వెళ్లి అడిగితే "నీ విశ్వాసం చాల్లేదమ్మా" అన్నారట. ఈ మాటకి నాకు నిజంగా కోపం వస్తుంది. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చివరి వచనం చూడండి, చెప్పింది జరగకపోతే అది యెహోవా చెప్పిన మాట కాదు, ఆ ప్రవక్త అహంకారంతో పలికాడు అని ఉంది. తప్పు చెప్పినవాడిది, విన్న తల్లిది ఎలా అవుతుంది?

యిర్మీయా 28లో హనన్యా అని ఒకడున్నాడు. రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, చెరలోకి పోయినవాళ్లంతా తిరిగొచ్చేస్తారు అని దేవాలయంలో అందరి ముందూ ప్రకటించాడు, బబులోనుకి లొంగాలని చెప్పడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. ఎంత మంచి కబురు, ఎవరికి ఇష్టముండదు! యిర్మీయా కూడా ఆమేన్, అలాగే జరగాలి అన్నాడు, కానీ క్షేమం అని చెప్పే ప్రవక్త మాట నెరవేరాకే అతన్ని దేవుడు పంపాడని తెలుస్తుంది అని చెప్పి తన దారిన వెళ్లిపోయాడు. అప్పటికప్పుడు ఎదురు ప్రవచనం చెప్పలేదు, దేవుడు మాట్లాడేదాకా ఆగాడు. హనన్యా ఆ ఏడే చనిపోయాడు, యెరూషలేము క్రీ.పూ. 586లో కూలిపోయింది.

మరి దేవుని స్వరం వినడం ఎలా అంటే, దానియేలుని చూడమంటాను. సింహాల గుహ చూసినవాడు, నాలుగు మృగాల దర్శనం చూసినవాడు. 9వ అధ్యాయంలో అతను చేస్తున్న పని, యిర్మీయా రాసినవి చదవడం. యెరూషలేము డెబ్బై ఏళ్లు పాడుగా ఉంటుందన్న మాట అక్కడ కనిపించింది. వెంటనే ఊరంతా చాటించలేదు, గోనెపట్ట కట్టుకుని, ఉపవాసం ఉండి, "మేము పాపం చేశాం" అని తనని కూడా కలుపుకుని ప్రార్థించాడు. గబ్రియేలు దూత వచ్చింది ఆ ప్రార్థన మధ్యలో. అంతటివాడికే పుస్తకం ముందు కూర్చోవడం అవసరమైంది!

మన ఊరికి ఈ పుస్తకంతో ఉన్న బంధం చాలామందికి తెలియదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదం మొదలుపెట్టారు, ఆనందరాయర్ అనే ఆయన తోడ్పడ్డారు. వాళ్లు అనువదించిన సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి ఆ ఇద్దరు మిషనరీలూ చనిపోయి ఉన్నారు. అచ్చయిన పేజీ చూడకుండానే పోయారు. ఈరోజు మొత్తం బైబిలు మన ఫోన్లో ఉంది, అదే ఫోన్లో మనం ఎవరిదో కల వింటున్నాం.

దర్శనాలన్నీ అబద్ధం అని నేననడం లేదు, ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయవద్దని పౌలే థెస్సలొనీకయులకి రాశాడు, అన్నీ పరీక్షించమని ఆ పక్కనే రాశాడు. పేతురు యొప్పేలో సముద్రం ఒడ్డున ఒక చర్మకారుడి మేడ మీద దర్శనం చూసి, ఇదేమిటా అని తికమకపడ్డాడు, అర్థం తెలిసింది, కొర్నేలి అనే యూదుడు కాని సైనికాధికారి పంపగా గుమ్మం ముందుకొచ్చిన మనుషుల వల్ల. కొర్నేలి ఇంటికి ఒంటరిగా వెళ్లలేదు, ఆరుగురు సహోదరుల్ని వెంటబెట్టుకెళ్లాడు. తర్వాత యూదులు కానివాళ్ల ఇంటికి ఎందుకు వెళ్లావని యెరూషలేములో నిలదీస్తే కోప్పడకుండా మొదటినుంచి వరసగా చెప్పాడు. నిలదీస్తే "అభిషిక్తుడి మీద మాట్లాడతావా" అని నోరు మూయించే ఇప్పటివాళ్లు అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం చదవాలి.

చివరిగా ఒక విన్నపం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా, ఎక్కువమందికి వచ్చేది యిర్మీయా 29:11, దేవుని ఉద్దేశాలు సమాధానకరమైనవే అన్న వచనం. అది చెరలో ఉన్నవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్లు అని ఉంది, ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూసేవాళ్లు. ఇంకాస్త పైన, మీలో ఉన్న ప్రవక్తల చేతిలో మోసపోకండి, మీరున్న పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి అని ఉంది. మనకి ఆ పట్టణం విశాఖే, దీని గెడ్డలు, దీని గాలి, ఆసుపత్రుల బయట మెట్ల మీద పడుకునే రోగుల బంధువులు, అన్నీ కలిపి. పాస్టరు గార్లకి చేతులు జోడించి అడుగుతున్నాను, ఈసారి కార్డులు పంచేముందు ఆ అధ్యాయం ఎవరిచేతనైనా పైకి చదివించండి. అలాగే మీ పత్రికలో భక్తి శీర్షిక కింద ఒక వచనం వేసినప్పుడు, అధ్యాయం మొత్తం చదవమని ఒక లైను కలపండి. యిర్మీయా 29లో ఉన్నవి 32 వచనాలే, పైకి చదివినా పది నిమిషాలు పట్టదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కంచరపాలెం, విశాఖపట్నం