పైడితల్లి కథ

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. మీ అబ్బాయి "పైడితల్లి మనిషా, దేవతా?" అని అడిగితే నీళ్ళు నమిలావట. విజయనగరంలో పుట్టి పెరిగినవాడివి, ఇదేం పనిరా! సరే, నేను రాస్తాను, వాడికి చదివి వినిపించు.

ఆవిడ మనిషే. పూసపాటి వారి ఆడపడుచు, అప్పటి విజయనగరం రాజు విజయరామరాజు గారి చెల్లెలు. బొబ్బిలి మీదికి యుద్ధానికి వద్దని అన్నకి చెప్పి చూసిందంటారు. ఆయన వింటేనా? బుస్సీ దొర ఫ్రెంచి సైన్యాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. లోపల ఆడవాళ్ళు, పిల్లలు కూడా దాదాపు మిగల్లేదు. రాజాంలో ఉన్న బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఆలస్యంగా వచ్చి ఆ ఘోరం చూశాడు. తర్వాత రాత్రిపూట డేరాలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు. ఇంతవరకూ చరిత్ర.

ఇక మన ఊళ్ళో చెప్పుకునేది. అప్పటికి పైడిమాంబకి, అంటే మన పైడితల్లికి, మశూచి. అన్నకి కీడు జరగబోతోందని మనసుకి తట్టి, పతివాడ అప్పలనాయుడిని తోడు తీసుకుని బండిలో బయల్దేరిందట. పెద్దచెరువు దాకా వచ్చేసరికి కబురు తెలిసి కుప్పకూలిపోయింది. తన ప్రతిమ చెరువు పడమటి వైపు దొరుకుతుందని, గుడి కట్టమని చెప్పి అమ్మవారిలో కలిసిపోయింది. బెస్తలు వల వేసి విగ్రహం తీశారు. దానికి కట్టిన గుడే రైల్వేస్టేషన్ దగ్గరున్న వనం గుడి. ఊరి నడుమ మూడు లాంతర్ల దగ్గర చదురు గుడి తర్వాత వచ్చింది.

నాకు ఎప్పుడూ వింతగా ఉండేది ఏంటంటే, ఆ యుద్ధంలో గెలిచింది మన ఊరేరా. ఓడిన బొబ్బిలి వాళ్ళు తమ వీరుల పేరున స్తంభం నిలబెట్టుకున్నారు, అందులో న్యాయం ఉంది. గెలిచిన మనం మాత్రం గెలుపు ఊసే ఎత్తం. యుద్ధం చేసిన అన్నని వదిలేసి, వద్దన్న చెల్లెలికి మొక్కుతున్నాం.

అమ్మవారి పండగ సిరిమానోత్సవంలో కూడా చూడు, ముందు బెస్తవారి వల, పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం. వల ఎందుకో ఇప్పుడు మీవాడికి చెప్పగలవు కదా? తర్వాత సిరిమాను. అంత పొడుగు చింతమాను చివర పూజారి కూర్చుని, చదురు గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు. ఆ మాను ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందంటారు. కింద నుంచి జనం అరటిపళ్ళు విసురుతారు. చిన్నప్పుడు నువ్వు విసిరిన పండు ఎవరి నెత్తిన పడిందో మీవాడికి చెప్పావా లేదా?

విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం పండగ. ముందురోజు తొలేళ్ళకే దిగిపో. మంగళవారం వస్తే రోడ్లన్నీ మూసేస్తారు, ఆటో కూడా దొరకదు. కోట దారిలో మా మావయ్యగారి మేడ మీద చోటు అడిగి ఉంచుతాను. చెల్లెమ్మనీ తీసుకురా.

నీ,
రాంబాబు