జక్కయ్య పెదనాన్న లెక్క

ప్రియమైన సుధాకర్‌కు,

ప్రభువునందు వందనములు. నీ ఉత్తరం క్రిస్మస్‌కు ముందే అందింది. ఈస్టరు దాటిన తరువాత గాని జవాబు రాయలేకపోయాను, మన్నించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది, పెద్దవాడు పదవ తరగతి పరీక్షలు రాశాడు, మిరపకు తామర పురుగు తగిలినా పెట్టుబడి చేతికి వచ్చింది. మిగిలిన కబుర్లన్నీ మరొక ఉత్తరంలో రాస్తాను. ఒక్క సంగతి మాత్రం నీకు చెప్పేదాకా నాకు మనసు నిలవడం లేదు. అందులో నీకూ భాగముంది, అదేమిటో వరుసలో వస్తుంది.

సంగతి జక్కయ్య పెదనాన్నది. ఆ పేరు మనిద్దరి మధ్యే ఉండిపోయిందని నాకు తెలుసు. సండే స్కూలు వెనుక బల్ల మీద కూర్చుని నీవు ఆయనకు సువార్తలోని సుంకరి జక్కయ్య పేరు పెట్టిన రోజున మనం ఎంత నవ్వామో, ఆ నవ్వుకు ఎవరు ఎవరి చెవి మెలిపెట్టారో మరిచిపోయి ఉండవు. ఇన్నేళ్ల తరువాత ఆ పేరు ఆయనకు ఎంతగా తగిందో విను.

ఈ ఏడు ఈస్టరుకు ముందరి శ్రమకాలపు శుక్రవారం కూడికలలో మన పాస్టరు అయ్యగారు ఎప్పటిలా సిలువ మీది ఏడు మాటలు కాక, లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయం చెప్పారు. శ్రమదినాలలో లేవీయకాండమేమిటని పెద్దలు కొందరు మొదట్లో నొచ్చుకున్నారు. ఆ అధ్యాయం "మీరు పరిశుద్ధులై యుండవలెను" అనే ఆజ్ఞతో మొదలవుతుంది గదా. ఆ వెంటనే ఉపవాసాలూ జాగరణలూ వస్తాయని అనుకుంటాం, కాని కొద్ది వచనాలకే అక్కడ వచ్చేది పొలం. కోత కోసేటప్పుడు గట్టు అంచుల దాకా కోయవద్దు, రాలిన పరిగె బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టు, కూలివాని కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు, చెవిటివాణ్ణి తిట్టవద్దు, గుడ్డివాని దారికి అడ్డం పెట్టవద్దు అని చెప్పి, చివరకు "న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు" అనే మాట దగ్గరకు వస్తుంది. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించుమన్న ఆజ్ఞ కూడా ఈ త్రాసులకూ కూలి డబ్బులకూ నడుమనే ఉంది. ఇన్నేళ్లుగా చదువుతున్న అధ్యాయమే, అయినా ఆ వరుసలో విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

మనవాళ్లకు పరిశుద్ధ జీవితం అనగానే సినిమా మానడం, చుట్ట మానడం, నగలు తీయడం, తెల్లబట్టలు కట్టడం గుర్తుకు వస్తాయి. వాటిని నేను తక్కువ చేయను. మా నాయనమ్మ ముక్కుపుడక తీసి ప్రార్థన చేసిన నాటి నుండి ఆమె నోట కఠినమైన మాట రాలేదని ఊరంతా ఎరుగును. కాని ఆదివారం చేసే ఉపవాసం సోమవారం కల్లంలో పట్టే కాటాను ముట్టుకోకుండా వదిలేస్తే, మన భక్తిలో ఏదో ఒక పెద్ద గది తాళం వేసి ఉన్నట్టే. అయ్యగారు దీనికి ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసుల సాక్ష్యం చెప్పారు. యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందిన తరువాత ఆ చుట్టుపక్కల పల్లెల్లో విశ్వసించిన మాదిగవారికి అక్కడి సంఘం పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినడానికి చిన్న నియమాలే, కాని ఒక్కొక్కటీ వాళ్ల బ్రతుకుతెరువును తాకింది. ఆదివారం పనికి రామన్నందుకూ, జాతరలో డప్పు కొట్టబోమన్నందుకూ ఆసాముల కోపానికి గురయ్యారు, దెబ్బలూ తిన్నారు. అయినా నిలబడ్డారు. 1876-78 కరువులో అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో ఒక భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు గాని, కరువు ఉన్నంతకాలం అడిగినవారికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంగతి మనం చిన్నప్పుడు బట్టీ పట్టినదే. ఆ లెక్క కంటే, దానికి ముందు ఆయన ఆగిన ఆ కాలమే నాకు గొప్పగా తోస్తుంది. దీని గురించి ఇంకా చాలా రాయాలని ఉంది గాని, పెదనాన్న దగ్గరకు రావాలి.

గుడ్ ఫ్రైడే ముందరి గురువారం రాత్రి, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనపు ఆరాధన. అందరం వరుసగా బల్ల దగ్గరకు వెళ్తున్నాం. పెదనాన్న లేచాడు, నడుమ దాకా నడిచాడు, ఆగాడు, వెనక్కి తిరిగి చెప్పులు వేసుకుని గుడి బయటకు వెళ్లిపోయాడు. ఒంట్లో బాగాలేదేమోనని పెద్దమ్మ వెంట పరుగెత్తింది. మరునాడు పొద్దున్నే ఆయన మా ఇంటికి వచ్చి, తన మిర్చి కొనుగోలు పద్దు పుస్తకాలన్నీ మంచం మీద పరిచి, "ఒరే, నీకు లెక్కలు వచ్చు గదా, బస్తాకు నేను పట్టిన తరుగు ఎంతో తీయి" అన్నాడు.

తరుగు సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. తేమకనీ, మట్టికనీ బస్తాకు కిలో రెండు కిలోలు తగ్గించి రాయడం ఊళ్లో కొనే ప్రతివాడూ చేసేదే. ఆయన ఒక్కడే చేసిన పని కాదు. నేనూ ఆ మాటే అన్నాను, ఇది వాడుకే గాని దొంగతనం కాదు గదా అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఎండిన కాయకు కూడా తేమ తరుగు పట్టానని, అది తన చేతికి తెలుసని, బల్ల దగ్గరకు నడుస్తూ ఉంటే ముందు వరుసలో మోకరించిన వాళ్లలో సగం మంది తాను తూచిన రైతులేనని చెప్పాడు. అర్పణ బలిపీఠం ముందు విడిచిపెట్టి మొదట నీ సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన మాట అప్పటిదాకా తగవులకు వర్తిస్తుందనుకున్నాడట, కాటాకు వర్తిస్తుందనుకోలేదట. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఎంత ఇవ్వాలన్నది తరువాతి ప్రశ్న. సువార్తలోని జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. సంఖ్యాకాండము అయిదవ అధ్యాయం, అన్యాయంగా తీసుకున్న మూలధనానికి అయిదవ వంతు కలిపి తిరిగి ఇమ్మంటుంది. నాలుగంతలంటే ఇల్లు అమ్మాలి, ఆయన అందుకూ సిద్ధపడ్డాడు. పెద్దమ్మ మాత్రం ఏమీ అనక ఊరకుండిపోయింది. చివరకు అయ్యగారు కూర్చోబెట్టి, ధర్మశాస్త్రం చెప్పిన అయిదవ వంతుతో మొదలుపెట్టమన్నారు.

ఆ తరువాత ఊళ్లో జరిగింది రాస్తే ఒక పుస్తకం అవుతుంది. చెరువు కింది రైతు ఒకాయన డబ్బు తీసుకుని, లెక్క పెట్టుకుని, ఇంకా రావాలని వాదించాడు. పెదనాన్న మళ్లీ పుస్తకం తీసి చూసి, ఆయన చెప్పింది నిజమేనని తక్కినదీ ఇచ్చాడు. మన సంఘం కాని ఒక హిందూ రైతు డబ్బు ముట్టక, "మీ దేవుడు ఇంత గట్టివాడా?" అని అడిగి, చాలాసేపు కూర్చుని ఆ అధ్యాయం చదివించుకున్నాడు. మిగిలిన వ్యాపారులు మాత్రం మండిపడుతున్నారు, పైకి అనకపోయినా మన సంఘంలో వాళ్లూ ఉన్నారు. ఈ కోపం ఎక్కడికి పోతుందో నాకు భయంగానే ఉంది. కాటా పట్టేవాళ్లనే అంటున్నాం గాని, పొరుగింటి కూలీకి మూడు వారాలుగా డబ్బివ్వని ఉద్యోగులం, అప్పు ఎగ్గొట్టి సాక్ష్యం చెప్పేవాళ్లం... ఇది మరొకసారి.

ఇక నీ భాగం. ఆ పద్దు పుస్తకాలలో మీ నాన్నగారి పేరు ఉంది, సుధాకర్. మీరు ఊరు విడిచే ముందటి మూడు పంటలకు ఉంది. ఆ పేరు కనిపించగానే పెదనాన్న పుస్తకం మూసి, కొంతసేపటికి మళ్లీ తెరిచాడు. ఆ చివరి ఏడు మీ నాన్నగారు ఎంత ఇబ్బందిలో ఉన్నారో ఆయనకు తెలుసు, ఆ ఏడు కూడా తరుగు పట్టాడు. చనిపోయినవారి సొమ్ము దగ్గరి బంధువుకు చేరాలని, బంధువు లేకపోతేనే యాజకునికి చెందాలని ఆ సంఖ్యాకాండము అధ్యాయంలోనే ఉంది. అందుచేత అది నీకే రావాలని ఆయన పట్టుబడుతున్నాడు. మీ నాన్నగారి పేరుతో సంఘంలోని విధవల నిధికి ఇద్దామన్నాను. తన అప్పు తీరకముందే తాను దానం చేసినట్టవుతుందని పెదనాన్న ఒప్పుకోలేదు. తీసుకున్న తరువాత నీవు ఎవరికి ఇచ్చుకున్నా నీ ఇష్టమట.

కనుక నీ బ్యాంకు ఖాతా వివరాలు వెంటనే రాయి. అక్కర లేదని మాత్రం రాయవద్దు. నీ వంటి మంచివాళ్లు అక్కర లేదనడం వల్ల ఆయనకు ఎంత కష్టమవుతోందో నేను చూస్తున్నాను. ఆ రైతు ముట్టని డబ్బు ఇంకా ఆయన పెట్టెలోనే ఉంది. వీలైతే ఆయనకు విడిగా రెండు మాటలు కూడా రాయి, నీ మనసులో ఏది ఉంటే అదే రాయి, కోపమైనా సరే. ఆయన నీ నుండి ఎదురుచూస్తున్నది పొగడ్త కాదు. ఇంకా పెద్దమ్మ చేసిన ఒక పని చెప్పాలి, కాని ఖమ్మం బస్సుకు వెళ్లే కుర్రవాడు ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అది వచ్చే ఉత్తరంలో.

నీ
ప్రసాద్