పావ్లిచెంకోను అప్పుడూ అదే అడిగారు

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు సోవియట్ స్నైపర్ ల్యుద్మీలా పావ్లిచెంకో గురించి వచ్చిన వ్యాసం చదివాను. ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నని కాగితాలతో పుస్తకాలకు అట్టలు వేసుకుని చదువుకున్న తరం నాది కనుక, ఆ పేరు కనబడగానే ఆత్రంగా చదవడం మొదలుపెట్టాను. ‘309 మందిని చంపిన అందాల భామ’ అన్న శీర్షిక, సగం పేజీ నిండా ఆమె నవ్వు ముఖం, దాని కింద ఆమె కళ్ల గురించి, జుట్టు గురించి ఏకంగా ఒక పేరా చూశాక మనసు చివుక్కుమంది.

ఇటువంటి మర్యాద ఆమెకు 1942లోనే జరిగింది. ఐరోపాలో జర్మనీపై రెండో యుద్ధరంగం తెరిచేలా మిత్రదేశాల ప్రజలను కూడగట్టేందుకు సోవియట్ ప్రభుత్వం అమెరికా పంపిన ముగ్గురు ప్రతినిధుల్లో ఆమె ఒకరు. అంతకు రెండు నెలల కిందటే క్రిమియా రేవు నగరం సెవస్తపోల్‌లో మోర్టార్ గుండు ముక్కలు ముఖానికి తగిలితే, నగరం శత్రువుల చేతికి చిక్కకముందే జలాంతర్గామిలో బయటపడిన మనిషి ఆమె. భర్త కిత్సెంకో అదే యుద్ధంలో గాయపడి కొద్ది నెలల ముందే కన్నుమూశారు. అటువంటి మనిషిని పట్టుకుని, యుద్ధరంగంలో ఆడవాళ్లు ముఖానికి రంగులు పూసుకోవచ్చునా అని ఒక విలేకరి అడిగారు. యూనిఫాం లంగా మరీ పొడవుగా ఉంది, లావుగా కనబడుతున్నారని మరొకరు, అదీ ఒక మహిళా విలేకరే, విమర్శించారు. షికాగో సభలో ఆమె ఇచ్చిన జవాబు ప్రసిద్ధం: తన వయసు 25 ఏళ్లని, అప్పటికి 309 మంది ఫాసిస్టు దురాక్రమణదారులను హతమార్చానని చెప్పి, ‘మీరు నా వెనక మరీ ఎక్కువ కాలంగా దాక్కుంటున్నారని అనిపించడం లేదా, పెద్దమనుషులూ’ అని అడిగారు. (అప్పటికే 26 నిండాయి, అయినా ఆ మాట ఘాటు తగ్గదు.) ఎనభై ఏళ్లు దాటిన తర్వాత కూడా మన పేజీలు ఆ విలేకరుల పక్కనే నిలబడడం నాకు బాధ కలిగించింది.

వ్యాసంలో రెండు పొరపాట్లు కూడా ఉన్నాయి. ఆమెను ‘రష్యా వీరవనిత’ అన్నారు. ఆమె పుట్టింది ఉక్రెయిన్‌లో, కీవ్‌కు దక్షిణాన ఉన్న బీలా త్సెర్క్వాలో, 1916లో. పెరిగింది, ఆర్సెనల్ ఆయుధ కర్మాగారంలో పనిచేస్తూ తుపాకీ గురి నేర్చుకున్నది, విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివింది కీవ్‌లో. నేటి పరిస్థితుల్లో ఈ తేడా చిన్నదేమీ కాదు. రెండోది, వైట్‌హౌస్‌లో అడుగుపెట్టిన తొలి సోవియట్ పౌరురాలని, పురుషులు కూడా అంతకుముందు ఎవరూ వెళ్లలేదని రాశారు. చాలాచోట్ల ఇలాగే కనబడుతుంది కానీ, సోవియట్ విదేశాంగ మంత్రి లిత్వినోవ్ 1933లోనే అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను అక్కడ కలిశారు; 1942 మే నెలాఖరున, అప్పటి విదేశాంగ మంత్రి మొలొతోవ్ ఏకంగా అక్కడే బస చేశారు.

309 అన్న అంకెకు వ్యాసంలో దక్కిన చోటు, ఆ అంకె వెనక మనిషికి దక్కలేదు. పదహారేళ్లకే ఒక బిడ్డకు తల్లి అయ్యారు. యుద్ధం మొదలవగానే నల్లసముద్ర తీరంలోని ఒదెస్సాలో సైన్యంలో చేరబోతే, నర్సుగా వెళ్లమన్నారు. పట్టుబట్టి సోవియట్ సైన్యపు 25వ చపాయెవ్ డివిజన్‌లో చేరారు. పరీక్షగా ఆమె చేతికి రైఫిల్ ఇచ్చి దూరాన ఇద్దరు శత్రువులను చూపించారని, ఇద్దరినీ కూల్చానని, అవి పరీక్ష తూటాలు కనుక తన లెక్కలో వేసుకోలేదని ఆ తర్వాత ఆమే చెప్పారు. యుద్ధరంగంలో తొలిరోజు మాత్రం చేయి ఆడలేదట. పక్కనే ఉన్న కుర్రవాడు తూటా తగిలి ఒరిగిపోయాకే ట్రిగ్గర్ నొక్కగలిగారు. ఒదెస్సాలో 187, ఆపై సెవస్తపోల్‌లో మిగిలినవి అన్న అధికారిక లెక్కను కొందరు చరిత్రకారులు సందేహిస్తున్నారు కూడా. ఆ సందేహాన్ని ఒక్క వాక్యంలోనైనా పాఠకులకు చెప్పి ఉండవలసింది.

నేనైతే 1957 నాటి సంగతికి పెద్ద చోటు ఇచ్చేవాడిని. అమెరికాలో ఆమెను వెంటబెట్టుకుని ఊరూరా తిప్పిన, అప్పటి అధ్యక్షుడి భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్ ఆ ఏడాది మాస్కో వచ్చి, పట్టుబట్టి ఆమె ఇంటికి వెళ్లారు. రెండు గదుల చిన్న ఇల్లు. వెంట ప్రభుత్వ మనిషి కాపలా. కాసేపు పొడిపొడిగా మాట్లాడుకున్నాక, పావ్లిచెంకో ఏదో వంక చెప్పి ఆమెను పడకగదిలోకి లాక్కెళ్లి, తలుపు వేసి, నవ్వో ఏడుపో తెలియకుండా గట్టిగా కావలించుకున్నారట. 1974లో 58 ఏళ్లకే కన్నుమూసిన ఈ చరిత్ర విద్యార్థిని జీవితంలో, యుద్ధరంగంలో తుపాకీ పట్టింది ఏడాది కూడా నిండని కాలం.

ఆ యుద్ధంలో సోవియట్ సేనల్లో దాదాపు 8 లక్షల మంది మహిళలు పనిచేశారు. వారి గురించి మీరు ఇక ముందు కూడా రాయాలని కోరుకుంటున్నాను. పై రెండు పొరపాట్లకు మాత్రం, లోపలి పేజీ మూలలో కాకుండా, ఆ వ్యాసం వచ్చిన చోటే వచ్చే ఆదివారం సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
తెనాలి