పద్మా, నర్సు జీతం ఎంత అని అడిగావు కదా

పద్మా,

నీ సందేశం చూశాను. "అమ్మాయిని నర్సింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం, జీతం ఎంత వస్తుంది?" అని ఒక్క వాక్యంలో అడిగి ఊరుకున్నావు. నేనూ ఒక అంకె రాసి పంపితే నీకు హాయిగా ఉండేది. కానీ ఏ అంకె రాయమంటావు? నెలకు 10 వేలు అని రాసినా నిజమే, 80 వేలు అని రాసినా నిజమే. పరాయి దేశం పేరు చెప్పి ఆరు లక్షలు అన్నా అబద్ధం కాదు. ఆ మూడు జీతాలు అందుకునే ముగ్గురూ చదివింది దాదాపు ఒకటే చదువు. అందుకే తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ ఆయన చేత కూడా చదివించు. "అమెరికా" అనే మాట ముందు ఆయన నోటినుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఇన్నేళ్లుగా చూసి చెబుతున్నాను. మా వృత్తిలో జీతం తేలేది ఎవరి గుమ్మంలోకి అడుగుపెట్టామన్నదాన్నిబట్టి. పనితనం, అనుభవం ఆ తర్వాతి లెక్క. చిన్న ఊళ్లో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ ఉందనుకో. అక్కడ జీఎన్ఎం, అంటే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా, చదివిన పిల్లకు 10 వేలు, మహా అయితే 12 వేలు చేతిలో పెడతారు. పక్కనే ఏ శిక్షణా లేకుండా, డాక్టరుగారి దగ్గర చూసి చూసి సూది వేయడం నేర్చుకున్న అమ్మాయి అంతకన్నా తక్కువకు పనిచేస్తూ ఉంటుంది. తెల్ల కోటు వేసుకుంటే రోగులకు ఇద్దరూ "సిస్టరే". మూడేళ్లు చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన పిల్ల విలువ అక్కడే సగం కరిగిపోతుంది.

హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రులకు వద్దాం. కొత్తగా చేరిన పిల్లలకు 18 వేల నుంచి 25 వేల దాకా చెబుతారు. ఆ "చెబుతారు" అన్నచోటే జాగ్రత్తపడాలి. వాళ్లు చెప్పే అంకెలో యాజమాన్యం కట్టే పీఎఫ్ వాటా కూడా కలిసి ఉంటుంది. మన వాటా పీఎఫ్ వేరే కోస్తారు, వృత్తిపన్ను కోస్తారు, హాస్టల్లో ఉంటే దానికీ కోస్తారు. నెల మొదట్లో బ్యాంకు సందేశం చూసుకుని ఆశ్చర్యపోయే పిల్లలను ఎంతమందిని ఓదార్చానో. ఇంకో విచిత్రం విను. నెల వేతనం 21 వేల లోపు ఉంటే ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, వర్తిస్తుంది. పగలంతా అద్దాల మేడలో ఇతరుల గుండె ఆపరేషన్లకు సాయం చేసిన పిల్ల, తనకు జ్వరం వస్తే ఈఎస్‌ఐ కార్డు పట్టుకుని సనత్‌నగర్‌లో వరుసలో నిలబడుతుంది. ఈఎస్‌ఐని తక్కువ చేయడం లేదు, అది లేకపోతే ఇంకా కష్టం. కానీ తాను పనిచేసే ఆసుపత్రిలో మంచం ఖర్చు తానే భరించలేకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంత తక్కువ ఎందుకు అని నువ్వు అడుగుతావు. మొదటిది, పిల్లలు ఎక్కువ. మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు నర్సింగ్ కాలేజీలు ఎన్ని వెలిశాయో నీకు తెలుసు. ఏటా బయటికి వచ్చేవాళ్లలో చాలామందికి కావలసింది ముందు "అనుభవం" అనే కాగితం. ఆ కాగితం లేనిదే విదేశానికి వెళ్లలేరు, చాలా ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టలేరు. ఆసుపత్రులకు ఆ సంగతి బాగా తెలుసు. జీతం తక్కువైనా రెండేళ్లు ఓర్చుకుంటారన్నది వాళ్ల ధీమా. రెండోది, బాండ్, అంటే ఇంతకాలం ఇక్కడే పనిచేస్తానని రాసిచ్చే కాగితం. నేను మొదట చేరిన చోట ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. గడువు తీరకముందే వెళ్లాలంటే డబ్బు కట్టి విడిపించుకోవాలి. పక్క ఆసుపత్రిలో ఐదు వేలు ఎక్కువ ఇస్తామన్నా కదలలేం. కదలలేని మనిషికి జీతం పెంచాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది?

మూడోది పాత సంగతి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్ లాంటి మిషనరీల ఆసుపత్రుల్లోనే మన దగ్గర ఆడపిల్లలు ఈ పని నేర్చుకోవడం మొదలుపెట్టారు. పరాయివాళ్ల ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం మన కులాల లెక్కలో మైల పని. అందుకే ముందుకు వచ్చినవాళ్లలో పేద కుటుంబాల, దళిత క్రైస్తవ కుటుంబాల పిల్లలే ఎక్కువ. దానికి "సేవ" అని పేరు పెట్టి నెత్తిన పూలు చల్లారు. సేవకు జీతం అడగడం బాగుండదు కదా! కోవిడ్‌లో చప్పట్లు కొట్టినప్పుడు కూడా మా ఇన్‌చార్జ్ సిస్టర్ "ఇది నెలాఖరుకు బ్యాంకులో పడుతుందా?" అని అడిగింది. అందరం నవ్వాం, తర్వాత ఎవరమూ ఏమీ అనలేదు.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి కూడా చెప్పాలి. 2016 జనవరి 29న, ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల మీద కమిటీ వేయమని కోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ సిఫార్సులు నాకు కంఠతా వచ్చు. 200 పడకలు దాటిన ఆసుపత్రి అయితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 నుంచి 200 పడకలైతే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్నా 20 వేలకు తగ్గకూడదు. చదివితే ఎంత బాగుంది! కానీ ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి అమలు బాధ్యత రాష్ట్రాలకు వదిలేశారు. కేరళలో నర్సుల సంఘం వీధుల్లోకి వచ్చి, సమ్మెలు చేసి, 2018 ఏప్రిల్‌లో ప్రైవేటు నర్సుల కనీస వేతనం 20 వేలుగా నోటిఫికేషన్ ఇప్పించుకుంది. మన దగ్గర అలాంటి సంఘబలం లేదు. ఒక ఆసుపత్రిలో పదిమంది గొంతెత్తితే ఆ పదిమందికీ మర్నాటినుంచి రాత్రి డ్యూటీలే. జీతాన్ని తేల్చే వాటిలో సంఘం ఉందా లేదా అన్నది చాలా పెద్ద విషయం. ఏ కాలేజీలోనూ దాన్ని పాఠంగా చెప్పరు.

ఇక ప్రభుత్వ ఉద్యోగం. ఇక్కడ లెక్క పూర్తిగా మారిపోతుంది. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లాంటి కేంద్ర సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ మూల వేతనం 44,900 రూపాయలు. దాని మీద కరవు భత్యం 50 శాతం దాటింది. 2024 నుంచి నర్సింగ్ భత్యం నెలకు 9 వేలు. ఇంటి అద్దె భత్యం ఊరినిబట్టి 10, 20 లేదా 30 శాతం. కూడితే కోతలకు ముందు 80 వేలు దాటుతుంది. మొదటి నెల జీతం సుమా! దీనికి ఎయిమ్స్ నర్సుల నియామకానికి పెట్టే నార్సెట్ పరీక్ష రాయాలి. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ అయితే నేరుగా రాయొచ్చు. జీఎన్ఎం అయితే 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం చూపించాలి. జీఎన్ఎం, బీఎస్సీ తేడా నిజంగా బయటపడేది ఇలాంటి చోటే. ప్రైవేటులో ఇద్దరికీ తేడా రెండు మూడు వేలకు మించదు.

మా తెలంగాణలో స్టాఫ్ నర్సు స్కేలు 36,750తో మొదలై 1,06,990 దాకా వెళ్తుంది. హైదరాబాదులోనైతే భత్యాలతో మొదట్లోనే 50 వేలు దాటుతుంది. 2023 ఆగస్టులో పరీక్ష పెట్టినప్పుడు దరఖాస్తులు దాదాపు 40 వేలు. చివరికి 7 వేల మందికి దగ్గరగా ఉద్యోగాలు వచ్చాయి. ఆ బ్యాచ్ పిల్ల ఒకతె మా వార్డుకు వచ్చింది. అంతకుముందు నెల దాకా ఓ పెద్ద ప్రైవేటు ఐసీయూలో 17 వేలకు వెంటిలేటర్లు చూసుకునేది. ఇక్కడా వెంటిలేటర్లే చూస్తోంది. పిల్ల మారలేదు, యంత్రం మారలేదు, జీతం మూడింతలైంది. అయితే మా దగ్గర ఒకరు చూసుకోవలసిన మంచాలు చాలా ఎక్కువని కూడా చెప్పాలి, లేకపోతే నీకు అన్యాయం చేసినట్టే.

ప్రభుత్వ ఆసుపత్రి అనగానే అందరిదీ ఒకటే జీతం అనుకోకు. అదే వార్డులో, అదే షిఫ్టులో రెగ్యులర్ సిస్టర్ ఒకరు, కాంట్రాక్టు సిస్టర్ ఒకరు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ తరఫున వచ్చిన సిస్టర్ ఒకరు ఉంటారు. ముగ్గురి జీతాలు మూడు మెట్లు. కాంట్రాక్టు వాళ్లకు ఉన్న ఆశల్లా ఆ సేవకు వచ్చే మార్కులే. తెలంగాణ నియామకాల్లో 100 మార్కుల్లో 20 అలాంటి సర్వీసుకే ఇస్తారు. అందుకే తక్కువ జీతానికైనా ప్రభుత్వ ఆసుపత్రిని పట్టుకుని వేలాడేవాళ్లు ఉన్నారు. వాళ్లను తెలివితక్కువవాళ్లు అనలేం.

ప్రైవేటులోనే ఉండిపోతే జీతం పెరగదా అంటే, పెరుగుతుంది. కూర్చున్న చోట పెరగదు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలిసిస్, గుండె రక్తనాళాల పరీక్షలు, చికిత్స చేసే క్యాత్‌ల్యాబ్‌లలో పని వచ్చినవాళ్లకు గిరాకీ ఎక్కువ. జనరల్ వార్డులో పదేళ్లు చేసినవాళ్లకన్నా ఐసీయూలో నాలుగేళ్లు చేసి ఆసుపత్రి మారినవాళ్లు ఎక్కువ తెచ్చుకుంటారు. ఏడాదికోసారి ఇచ్చే ఇంక్రిమెంటు ఇంటి అద్దె పెరుగుదలకే సరిపోతుంది.

ఇప్పుడు మీ ఆయన అమెరికా. అక్కడ రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షిక వేతనం 2024లో 93,600 డాలర్లు. అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది తక్కువ సంపాదిస్తున్నారు. కాలిఫోర్నియాలో సగటే 1,40,000 దాటింది. ఆ రాష్ట్రంలో సంఘాలు గట్టివి. పైగా ఒక నర్సుకు ఇంతకుమించి రోగులను అప్పగించకూడదని 1999లోనే చట్టం చేసి 2004 నుంచి అమలు చేస్తున్నారు. ఐసీయూలో ఇద్దరికి మించకూడదు. అద్దెలు కూడా ఆ స్థాయిలోనే ఉంటాయి, అది వేరే సంగతి. వెళ్లాలంటే అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసవాలి. దానికి కష్టపడి చదివితే చాలు. అసలు ఇబ్బంది గ్రీన్‌కార్డు వరుస. నర్సులకు గ్రీన్‌కార్డు ఇచ్చే కోవలో భారతీయులకు పదేళ్లకు పైగా నిరీక్షణ. ఇంటర్ పాసైన పిల్ల కళ్లముందు ఆ జీతం పెట్టి కాలేజీ ఫీజు కట్టించుకునే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరే నర్సుకు 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్లు. పన్ను, పింఛను వాటా పోగా నెలకు 2 వేల పౌండ్లకు కాస్త అటూఇటూ మిగులుతుంది. రాత్రి డ్యూటీకి, శనివారానికి 30 శాతం, ఆదివారానికి 60 శాతం అదనం. రాత్రి మేలుకున్నందుకు విడిగా డబ్బు! నేను మేలుకున్న రాత్రులకు ఆ లెక్కన కట్టి ఉంటే ఈపాటికి మూడంతస్తుల ఇల్లు లేచేది. కానీ ఈమధ్య అక్కడ విదేశీ నర్సుల నియామకాలు బాగా తగ్గాయి. జర్మనీకి మాత్రం మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాష నేర్పి మరీ పంపుతోంది. బీ2 స్థాయి జర్మన్ రావాలి. మన నర్సింగ్ చదువుకు అక్కడ గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి జీతమే. గల్ఫ్‌లో పన్ను లేదు, చాలాచోట్ల బస వాళ్లే ఇస్తారు కాబట్టి మిగులు ఎక్కువ. అక్కడ మోసాలూ ఎక్కువే. 2015లో కొచ్చిలో ఒక ఏజెన్సీ కువైట్ ఉద్యోగాలకు ఒక్కొక్క నర్సు దగ్గర దాదాపు 20 లక్షలు వసూలు చేసిన కేసు బయటపడింది. చట్టప్రకారం ఏజెంటు తీసుకోదగింది 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతే. గల్ఫ్ దేశాలకు నర్సులను పంపడానికి ప్రభుత్వ సంస్థలున్నాయి, తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఓమ్‌క్యాప్. ఎవరైనా లక్షల్లో అడిగితే గుమ్మంలోంచే పంపేయి.

ఇక మీ అమ్మాయి సంగతి. బీఎస్సీలోనే చేర్పించు. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు భవనం చూడొద్దు, వాళ్లకు సొంత ఆసుపత్రి ఉందా, ఎన్ని పడకలు, ఆ పడకల మీద నిజంగా రోగులున్నారా అని చూడు. రోగులు లేని ఆసుపత్రిలో నాలుగేళ్లు చదివితే బొమ్మకు బ్యాండేజీ కట్టడం వస్తుంది, అంతే. చదువయ్యాక ఆసుపత్రిలోనే పనిచేయాలని బాండ్ రాయించుకుంటారా అని చేరకముందే అడుగు. ఒరిజినల్స్ ఇచ్చినప్పుడు రసీదు తీసుకో. మొదటి రోజునుంచే ఇంగ్లీషులో కేసు షీటు రాయడం అలవాటు చేసుకోమను. మీ ఆయన ఆమె పెళ్లి ఖర్చుకు దాచిన డబ్బుతో డొనేషన్ కట్టకుండా చూడు. ప్రైవేటులో వచ్చే మొదటి జీతంతో ఆ డబ్బు పూడదు.

ఆ కాలేజీవాళ్లు ఇచ్చిన ఫీజుల కాగితం ఫొటో తీసి పంపు. వచ్చే వారమంతా నాకు రాత్రి డ్యూటీలు, మధ్యాహ్నం మూడింటి దాకా ఫోను చేయకు, ఎత్తను. తర్వాత నువ్వు కాకుండా అమ్మాయి చేత చేయించు. నువ్వూ నేనూ మొదలుపెడితే మాట మన హాస్టల్ వార్డెన్ మీదికి పోతుంది, ఆ పిల్ల సందేహాలు అలాగే మిగిలిపోతాయి.

నీ
విజయ